కాల్షియం మామూలు, పీటీహెచ్ మాత్రం 124: ఇంకో గ్రంథి మిగిలిపోయిందా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మకి 61 ఏళ్ళు, బరువు 46 కిలోలు. కాల్షియం 11.6, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) 286 ఉండటంతో నాలుగు నెలల క్రితం పారాథైరాయిడ్ ఆపరేషన్ చేయించాం. కుడివైపు కింది గ్రంథి తీశారు. 1.8 గ్రాముల అడినోమా (క్యాన్సర్ కాని గడ్డ) అని బయాప్సీ రిపోర్టు. టేబుల్ మీదే పది నిమిషాలకి పీటీహెచ్ 41కి దిగిందని డిశ్చార్జి సమ్మరీలో రాశారు. ఇప్పుడు టెస్టులు చేయిస్తే కాల్షియం 9.1, ఆల్బుమిన్ 3.9, ఫాస్ఫరస్ 2.6, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 168, క్రియాటినిన్ 0.9, విటమిన్ డి 16 వచ్చాయి. పీటీహెచ్ మాత్రం 124. ఆపరేషన్ చేసిన సర్జన్ కంగారు లేదన్నారు. ఇంకోచోట చూపిస్తే, రెండో గ్రంథి మిగిలిపోయి ఉంటుంది, స్కాన్ తీయించి మళ్ళీ ఆపరేషన్‌కి సిద్ధపడమన్నారు. అప్పట్నుంచి అమ్మకి నిద్ర లేదు. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, గ్యాస్ మాత్ర, కాల్షియం వేసుకుంటుంది. విటమిన్ డి సాచెట్లు నాలుగు వారాలు తాగి, వేడి చేస్తోందని మానేసింది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు అమ్మగారికి నిద్ర పట్టే మాట చెప్తాను. ఇప్పుడు స్కాన్ వద్దు, రెండో ఆపరేషన్ ఊసు అసలే వద్దు. మీరు రాసిన అంకెల్లో జబ్బు తిరగబెట్టిందనడానికి ఒక్క ఆధారమూ లేదు. విటమిన్ డి తక్కువగా ఉంది, ఎముకలు కాల్షియంని లాక్కుంటున్నాయి, అంతే. మీ సర్జన్ చెప్పిందే సరైన మాట. అలాగని కంగారు లేదన్నారు కదా అని ఊరుకోవడానికీ లేదు. చెయ్యాల్సిన పని ఉంది, అది మందుల డబ్బా దగ్గర ఉంది.

నేను విశాఖలోనే ఎండోక్రైనాలజీ ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ ఆపరేషన్ అయినవాళ్ళు మూడో నెలలోనో ఆరో నెలలోనో రిపోర్టు పట్టుకుని ఇదే టెన్షన్‌తో వస్తుంటారు. ల్యాబువాళ్ళు పీటీహెచ్ అంకెని ముద్దక్షరాల్లో కొట్టి పక్కన 'హై' అని వేస్తారు. అది చూడగానే గుండె జారిపోతుంది. కాల్షియం పక్కన ఏ గుర్తూ ఉండదు కాబట్టి దాని మీద ఎవరి కన్నూ పడదు. నిజానికి ఆపరేషన్ ఫలించిందా లేదా అన్న తీర్పు ఆ కాల్షియం గడిలోనే ఉంటుంది.

పారాథైరాయిడ్ గ్రంథులు మామూలుగా నాలుగు. థైరాయిడ్ వెనక ఉంటాయి. ఒక్కోటి 30 నుంచి 50 మిల్లీగ్రాముల బరువు, గోధుమ గింజంత. అమ్మగారి దగ్గర తీసింది 1800 మిల్లీగ్రాములు. ఆ లెక్కన అదెంత పెరిగిపోయి ఉందో మీరే ఊహించుకోండి. వీటి పని రక్తంలో కాల్షియం పడిపోకుండా కాపలా కాయడం. కాల్షియం కాస్త తగ్గుతోందనిపిస్తే పీటీహెచ్‌ని ఎక్కువగా వదులుతాయి. ఆ హార్మోన్ ఎముకలోంచి కాల్షియం తెప్పిస్తుంది, మూత్రంలో పోయేదాన్ని కిడ్నీల దగ్గర ఆపుతుంది, విటమిన్ డిని కిడ్నీలో చురుకైన రూపానికి మార్పించి పేగు ఎక్కువ పీల్చుకునేలా చేస్తుంది. కాల్షియం చాలినంత ఉంటే గ్రంథులు సర్దుకుని ఊరుకుంటాయి.

కాబట్టి పీటీహెచ్ ఎంత అన్న ప్రశ్నకి కాల్షియం చూడకుండా జవాబు చెప్పలేం. పీటీహెచ్ 124, పక్కన కాల్షియం 11.2 ఉంటే గ్రంథి అదుపు తప్పిందని అర్థం. కాల్షియం అంత ఉన్నప్పుడు అది నోరు మూసుకుని ఉండాలి, ఉండటం లేదు. అదే పీటీహెచ్ 124, పక్కన కాల్షియం 9.1 ఉంటే మిగిలిన గ్రంథులు చెయ్యాల్సిన డ్యూటీ చేస్తున్నాయి. అంకె ఒకటే, అర్థం పూర్తిగా తిరగబడింది. అమ్మగారి ఆల్బుమిన్ 3.9 కాబట్టి సరిచేసి చూసినా కాల్షియం 9.2 దగ్గరే ఉంటుంది. (ఆల్బుమిన్ 4 కంటే ఎంత తక్కువుంటే అంతని 0.8తో హెచ్చవేసి కాల్షియంకి కలుపుతారు. ఆల్బుమిన్ బాగా పడిపోయినవాళ్ళలో ఈ లెక్క చెయ్యకపోతే ఎక్కువున్న కాల్షియం కూడా మామూలుగా కనిపిస్తుంది.) మామూలు పరిధి దాదాపు 8.5 నుంచి 10.5. అమ్మగారిది అందులో కింది సగంలో ఉంది. 10.3 అయ్యుంటే నేనూ ఇంత ధీమాగా రాసేవాణ్ణి కాదు.

కారణమేది, ఫలితమేది అన్న ఈ తికమక వందేళ్ళ నాటిది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వియన్నాలో యాకోబ్ ఎర్డ్‌హైమ్ అనే డాక్టరు, ఎముకలు మెత్తబడినవాళ్ళలో ఈ గ్రంథులు పెద్దవై ఉండటం గమనించాడు. ఎముక జబ్బుని తట్టుకోవడానికే అవి పెరుగుతున్నాయని అనుకున్నాడు. ఆ ఊళ్ళోనే ఫెలిక్స్ మాండ్ల్ అనే సర్జన్ దగ్గరికి ఎముకలు గుల్లబారిన ఓ ట్రామ్ కండక్టర్ వచ్చాడు. ఎర్డ్‌హైమ్ మాట ప్రకారం అతనికి పారాథైరాయిడ్ సారం ఇచ్చి చూశారు, వేరొకరి గ్రంథి తెచ్చి అమర్చారు. ఏమీ ఫలితం లేదు. చివరికి 1925లో మాండ్ల్ అతని మెడ తెరిచి, గ్రంథిలో పెరిగిన గడ్డని తీసేశాడు. మనిషి కోలుకున్నాడు. కొన్నేళ్ళకి జబ్బు తిరగబెట్టింది, అది వేరే కథ. విచిత్రం ఏమిటంటే ఇద్దరూ చెప్పింది నిజమే. గడ్డ వల్ల ఎముక పాడవడమూ ఉంది, ఎముక అవసరం కోసం గ్రంథి కష్టపడటమూ ఉంది. ఆపరేషన్‌కి ముందు అమ్మగారిది మాండ్ల్ చూసిన జబ్బు. ఇప్పుడున్నది ఎర్డ్‌హైమ్ చెప్పిన పరిస్థితి.

ఆపరేషన్ బల్ల మీద తీసిన అంకె కూడా మీకు అండగా ఉంది. పీటీహెచ్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు, మూడు నుంచి ఐదు నిమిషాల్లో సగమైపోతుంది. అందుకే గడ్డ తీసిన పది నిమిషాలకి రక్తం తీసి చూస్తారు. మొదటున్నదాంట్లో సగానికి మించి పడితే చాలు, పని పూర్తయిందని సర్జన్లు కుట్లు వేస్తారు. అమ్మగారికి 286 నుంచి 41కి, అంటే 85 శాతానికి పైగా పడింది. ఇంకో పెద్ద గ్రంథి ఎక్కడో నక్కి హార్మోన్ వదులుతూ ఉంటే ఇంతలా పడటం అరుదు. పైగా బయాప్సీలో అడినోమా అని స్పష్టంగా వచ్చింది. 'హైపర్‌ప్లేసియా' (గ్రంథి మొత్తంగా ఉబ్బడం) అని వచ్చుంటే మిగతా గ్రంథుల గురించి ఆలోచించాల్సి వచ్చేది.

మరి 41 మళ్ళీ 124 ఎందుకైంది? ఇది మీ ఒక్కరికే జరిగింది కాదు. ఆపరేషన్ విజయవంతమై కాల్షియం మామూలైనవాళ్ళలో కూడా పదిమందిలో ఒకరి నుంచి నలుగురి దాకా తర్వాతి నెలల్లో పీటీహెచ్ ఎక్కువగా కనిపిస్తుందని వేర్వేరు అధ్యయనాల్లో తేలింది. పెద్ద గడ్డ, ముందు పీటీహెచ్ బాగా ఎక్కువ, విటమిన్ డి తక్కువ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువ ఉన్నవాళ్ళలో ఇంకా ఎక్కువ. అమ్మగారిలో ఈ నాలుగూ ఉన్నట్టే. మన దేశంలో ఈ జబ్బు చాలామందిలో ఆలస్యంగా, ఎముకలు దెబ్బతిన్నాకో కిడ్నీలో రాళ్ళు వచ్చాకో బయటపడుతుంది. కాబట్టి ఇక్కడ ఈ పరిస్థితి కనిపించడంలో వింతేమీ లేదు.

ఎముకల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు విషయమంతా అక్కడుంది. గడ్డ ఉన్నన్నాళ్ళూ అది ఎముకల దగ్గర అప్పు తెస్తూనే ఉంది. ఒక్కోసారి ఏళ్ళ తరబడి. గడ్డ తీసిన రోజు నుంచి ఎముకలు ఆ బాకీ వసూలు మొదలుపెడతాయి. రక్తంలోకి వచ్చిన కాల్షియంనీ ఫాస్ఫరస్‌నీ లాక్కుంటాయి. అందుకే అమ్మగారి ఫాస్ఫరస్ 2.6 దగ్గర, మామూలు పరిధిలో అట్టడుగున ఉంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 168 ఉండటం ఎముక కట్టుబడి పని ఇంకా సాగుతోందనడానికి గుర్తు. రక్తంలో కాల్షియం జారిపోకుండా మిగిలిన మూడు గ్రంథులు పీటీహెచ్ పెంచి అడ్డం పట్టుకుంటున్నాయి. ఎముకల సాంద్రత ఒకటి రెండేళ్ళ పాటు పెరుగుతూ ఉంటుంది. అన్నాళ్ళూ ఏదో ఒక మేరకు ఈ లాగుడు ఉంటుంది. ఆ సాంద్రతని కొలిచే డెక్సా స్కాన్ తీయిస్తే ఏడాది తర్వాత తీయించండి. ముంజేతి ఎముకని కూడా కలపమని చెప్పండి. ఈ జబ్బు ఎక్కువగా దెబ్బతీసేది అక్కడే, కానీ అడగకపోతే చాలాచోట్ల నడుమూ తుంటీ మాత్రమే తీసి పంపేస్తారు.

ఇక విటమిన్ డి. 20 కంటే తక్కువుంటే లోపం. ఈ ఆపరేషన్ అయినవాళ్ళలో నేను 30 దాటించే దాకా వదలను. 16తో ఉన్న మనిషికి పీటీహెచ్ మామూలుగా ఉంటేనే ఆశ్చర్యం. సాచెట్లు ఎందుకు మానేశారో రాశారు కదా, వేడి చేస్తోందని. ఆ మాట నేను వినని వారం లేదు. వారానికొక 60 వేల యూనిట్ల విటమిన్ డికి ఒంట్లో వేడి పుట్టించే గుణం లేదు. నోరు పొక్కడం, కళ్ళు మంటలు, కడుపులో మంట ఉంటే దానికి వేరే కారణం వెతకాలి. ఉత్తరాంధ్రలో మే నెలలో ఎవరికి వేడి చెయ్యదు చెప్పండి. అయినా ఆవిడతో వాదన పెట్టుకోవద్దు. రాత్రి భోజనం అయ్యాక ఒక గ్లాసు చల్లారిన పాలల్లో కలిపి ఇవ్వండి. కొవ్వున్న ఆహారంతో తీసుకుంటే బాగా ఒంటబడుతుంది కూడా.

ఒక్క జాగ్రత్త. అది వారానికి ఒకటి. రోజుకొకటి చొప్పున నెల రోజులు తాగేసి, వాంతులతో, కాల్షియం 13తో వచ్చినవాళ్ళని నేను చూశాను. డాక్టరు ఎనిమిది వారాలంటే ఎనిమిదితో ఆపి, తర్వాత నెలకొకటి చొప్పున కొనసాగించాలో వద్దో టెస్టు చూసి నిర్ణయించుకోవాలి. మందుల షాపులో అడిగితే ఇచ్చేస్తారు కదా అని సొంతంగా పొడిగించొద్దు. ఇంకో తేడా కూడా గుర్తుపెట్టుకోండి. కొందరికి ఆపరేషన్ తర్వాత కాల్సిట్రయాల్ క్యాప్సూల్స్ ఇస్తారు. అది అప్పటికే చురుకైన రూపంలో ఉన్న విటమిన్ డి. మీరు చేయించిన విటమిన్ డి టెస్టు (25 హైడ్రాక్సీ)లో అది కనిపించదు. కాల్సిట్రయాల్ వాడుతున్నాం కాబట్టి విటమిన్ డి సరిపోయిందనుకుంటే అది పొరపాటు. ఒంట్లో నిల్వ నింపేది సాచెట్టే.

'మాకు బీచ్ ఉంది, రోజూ నడుస్తాం, మాకు విటమిన్ డి లోపమేంటి' అని ఇక్కడ చాలామంది అడుగుతారు. విశాఖ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏడాది పొడవునా పనికొచ్చే ఎండే. కానీ ఆర్కే బీచ్‌లో జనం నడిచేది సూర్యుడు సముద్రం మీంచి లేచే వేళ. అప్పటి వెలుగు ఏటవాలుగా పడుతుంది. విటమిన్ డి తయారు చేసే కిరణాలు అందులో ఉన్నా లేనట్టే. పది దాటాక, మూడు లోపు ఎండ కావాలి. ఆ వేళకి అందరం ఇళ్ళలోనో ఆఫీసుల్లోనో ఉంటాం, బయటికొస్తే చున్నీ తలకి చుట్టుకుంటాం. పైగా వయసు పెరిగేకొద్దీ చర్మం దాన్ని తయారు చేసే శక్తి తగ్గుతుంది. నడకని నడకలాగే కొనసాగించండి, మంచిదే. సాచెట్‌ని మాత్రం అది భర్తీ చెయ్యదు.

ఇప్పుడు మందుల డబ్బా. నా దగ్గరికి వచ్చేవాళ్ళని స్ట్రిప్పులన్నీ తీసుకురమ్మంటాను, ప్లాస్టిక్ కవర్లో పోసుకొస్తారు. బల్ల మీద కుమ్మరిస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. అమ్మగారు పొద్దున్నే ఖాళీ కడుపుతో థైరాయిడ్ మాత్ర, గ్యాస్ మాత్ర, కాల్షియం కలిపి వేసుకుంటున్నారని రాశారు. ఇందులో రెండు ఇబ్బందులు ఉన్నాయి. కాల్షియం థైరాయిడ్ మాత్రని పేగులో పట్టేసుకుంటుంది, రెండింటి మధ్య నాలుగు గంటలు ఉండాలి. రెండోది, మీరు వాడేది కాల్షియం కార్బొనేట్ అయితే అది కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, అంటే భోజనంతో పాటు పడాలి. ఖాళీ కడుపున వేసుకుని, పైన ఆమ్లాన్ని ఆపే పాంటోప్రజోల్ లాంటి మాత్ర కూడా పడితే, ఆ కాల్షియంలో ఎక్కువ భాగం మలంలో పోతుంది. మాత్ర వేసుకుంటూనే ఉన్నారు, ఒంటికి మాత్రం అందడం లేదు. అలాంటప్పుడు పీటీహెచ్ పెరగక ఏం చేస్తుంది?

కాబట్టి థైరాయిడ్ మాత్ర పొద్దున లేవగానే. కాల్షియం మధ్యాహ్నం భోజనంతో ఒకటి, రాత్రి భోజనంతో ఒకటి. ఒకేసారి 500 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ వేసుకుంటే ఒంటబట్టే శాతం తగ్గిపోతుంది, అందుకే విడదీసి వాడమంటాం. గ్యాస్ మాత్ర నిజంగా అవసరమా అని రాసిచ్చిన డాక్టర్ని అడగండి. మన దగ్గర ఏ ప్రిస్క్రిప్షన్ చూసినా చివర్లో అది ఉంటుంది, రాసిన కారణం పోయినా మాత్ర మాత్రం మిగిలిపోతుంది. ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో మెగ్నీషియం కూడా పడిపోతుంది, దానివల్ల కాల్షియం వ్యవహారమంతా గందరగోళమవుతుంది. మానలేని పరిస్థితి అయితే కార్బొనేట్ బదులు కాల్షియం సిట్రేట్‌కి మార్చమనండి, దానికి ఆమ్లంతో పని లేదు. మార్చేటప్పుడు స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న ఎలిమెంటల్ కాల్షియం ఎంతో చదవండి. 1250 మిల్లీగ్రాముల కార్బొనేట్‌లో అసలు కాల్షియం 500. వెయ్యి మిల్లీగ్రాముల సిట్రేట్‌లో మాత్రం 210 చిల్లరే. పెద్ద అంకె చూసి ఎక్కువ వాడుతున్నామనుకుని తక్కువ వాడేవాళ్ళు చాలామంది. ఐరన్ మాత్రలుంటే వాటినీ కాల్షియంకి దూరంగా పెట్టండి.

తిండి విషయంలో ఒక భయం వదిలించాలి. ఈ జబ్బులో చాలామందికి ముందు కిడ్నీ రాళ్ళు వచ్చి ఉంటాయి. అప్పుడెవరో పాలు, పెరుగు మానెయ్యమంటారు. ఆపరేషన్ అయ్యాక కూడా ఆ పత్యం కొనసాగిస్తారు. ఇప్పుడు అవసరం దానికి పూర్తిగా రివర్స్. పెద్ద గ్లాసు పాలల్లో 240 మిల్లీగ్రాముల వరకు కాల్షియం వస్తుంది. గడ్డ పెరుగూ ఇంచుమించు అంతే. పల్చటి మజ్జిగలో అంత ఉండదు, పేరుకి పెరుగే అయినా. చోడి (రాగి) పిండి వంద గ్రాములకి 340కి పైగా కాల్షియం ఉంటుంది, మన వైపు ధాన్యాల్లో దానికి సాటి లేదు. అయితే ఒక గిన్నెడు అంబలిలో పడే పిండి 30 గ్రాములకి మించదు కాబట్టి అందులో వచ్చేది వంద చిల్లర మాత్రమే. చేపలు తినే ఇల్లయితే ముల్లుతో సహా నమిలే నెత్తళ్ళు మంచివి, కొరమీను ముక్క వల్ల ఆ లాభం రాదు. బీపీ ఉంటే ఉప్పు పట్టించిన ఎండు నెత్తళ్ళ జోలికి పోవద్దు. మొత్తం మీద తిండీ మాత్రలూ కలిపి రోజుకి 1000 నుంచి 1200 మిల్లీగ్రాములు ఒంట్లోకి చేరితే చాలు.

మిగతా కారణాలు త్వరగా చెప్పేస్తాను, అమ్మగారికి అవి పెద్దగా వర్తించవు కాబట్టి. కిడ్నీ పనితీరు తగ్గితే పీటీహెచ్ పెరుగుతుంది. 0.9 క్రియాటినిన్‌కి ఆవిడ వయసులో ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత వేగం) 70 పైనే వస్తుంది, పర్వాలేదు. కాకపోతే సన్నగా ఉన్న పెద్దవాళ్ళలో కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తుంది. సందేహం మిగిలితే కండతో పెద్దగా సంబంధం లేకుండా కిడ్నీ పనితీరు చెప్పే సిస్టాటిన్ సి టెస్టు ఉంది. ఎముకల బలానికి ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్, ఏడాదికోసారి ఎక్కించే జొలెడ్రోనిక్ యాసిడ్ కూడా పీటీహెచ్‌ని పెంచుతాయి. అలాంటిదేమైనా వేయించారా అన్నది మీరు రాయలేదు, అడిగి చూసుకోండి. ఫ్రూసెమైడ్ లాంటి నీళ్ళ మాత్రలు, మానసిక వైద్యంలో వాడే లిథియం కూడా ఈ జాబితాలోవే. కొంతమందికి కాల్షియం మూత్రంలో ఊరికే కారిపోతుంటుంది. 24 గంటల మూత్రం పట్టి చూస్తే అది తెలుస్తుంది. విటమిన్ డి నిండాక కూడా పీటీహెచ్ దిగకపోతే నేను చేయించే తర్వాతి టెస్టు అదే.

ల్యాబు గురించి రెండు మాటలు. ఒక ల్యాబు 124కీ ఇంకో ల్యాబు 98కీ తేడా చూసి తగ్గిందనో పెరిగిందనో అనుకోవద్దు. మిషన్లు వేరు, పద్ధతులు వేరు. గాజువాకలో ఒకసారి, మహారాణిపేటలో ఒకసారి ఇచ్చి పోల్చుకుంటే అయోమయమే మిగులుతుంది. మొదట్నుంచీ చేయించిన చోటే, అదే వేళకి, ఉదయం పూట ఇవ్వండి. పీటీహెచ్ రోజంతా ఒకేలా ఉండదు, రాత్రిళ్ళు పెరుగుతుంది. కాల్షియం, ఆల్బుమిన్, ఫాస్ఫరస్, మెగ్నీషియం, క్రియాటినిన్, విటమిన్ డి, పీటీహెచ్ అన్నీ ఒకేసారి తీసిన రక్తంలోనే చూడాలి. కాల్షియం పోయిన నెలది, పీటీహెచ్ ఈ నెలది పక్కపక్కన పెట్టి చూస్తే లాభం లేదు. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళేవాళ్ళయితే పీటీహెచ్‌ని ఊదా మూత ట్యూబులో తీస్తున్నారా అని చూడండి, అందులో హార్మోన్ ఎక్కువసేపు నిలకడగా ఉంటుంది. కాల్షియం మాత్రం ఆ ట్యూబులో తీయకూడదు, అందులోని రసాయనం కాల్షియంని పట్టేస్తుంది. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే రెండు మూడు రోజుల ముందే ఆపాలి. చాలా మిషన్లలో అది పీటీహెచ్‌ని ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

స్కాన్ ఎందుకు వద్దన్నానో చెప్పాలి కదా. మీతో చెయ్యమన్నది సెస్టమిబి స్కాన్ అనుకుంటున్నాను. అది జబ్బు ఉందో లేదో చెప్పే టెస్టు కాదు. రక్తపరీక్షల్లో జబ్బు ఖాయమయ్యాక, ఆపరేషన్ చెయ్యాలని తేల్చుకున్నాక, గడ్డ ఎక్కడుందో సర్జన్‌కి దారి చూపించేది. జబ్బు లేని మనిషికి తీస్తే థైరాయిడ్‌లో ఉన్న చిన్న కణితి కూడా మెరుస్తుంది. అమ్మగారు ఎలాగూ థైరాయిడ్ మాత్ర మీద ఉన్నారు. ఆ మెరుపుని రెండో గ్రంథి అని చదివితే, ఒకసారి కోసి అతుక్కుపోయిన మెడని మళ్ళీ తెరుస్తారు. రెండోసారి తెరవడంలో గొంతు నరానికి దెబ్బ తగిలే ముప్పూ, బాగున్న గ్రంథులు కూడా పోయి జీవితాంతం కాల్షియం మింగాల్సిన ముప్పూ మొదటిసారి కంటే ఎక్కువ. కాల్షియం 9.1 ఉన్న మనిషిని ఆ ముప్పులోకి తోయడం నాకు సమ్మతం కాదు.

నిజంగా గ్రంథి మిగిలిపోయే సందర్భాలు లేకపోలేదు. చార్లెస్ మార్టెల్ అనే అమెరికన్ ఓడ కెప్టెన్‌కి మెడలో ఎన్నిసార్లు వెతికినా గడ్డ దొరకలేదు. 1932లో ఏడో ఆపరేషన్‌లో ఛాతీ లోపల దొరికింది. కానీ అతని కథకీ మీ అమ్మగారి కథకీ పోలిక లేదు. అతనికి ప్రతి ఆపరేషన్ తర్వాతా జబ్బు అలాగే ఉండిపోయింది. ఇక్కడ గడ్డ దొరికింది, హార్మోన్ పడింది, కాల్షియం దిగింది.

ఎప్పుడు ఆందోళన పడాలో కూడా తెలిసుండటం మంచిది. ఈ ఆపరేషన్ ఫలించిందని చెప్పడానికి ప్రపంచమంతా వాడే కొలత, ఆరు నెలల తర్వాత కూడా కాల్షియం మామూలుగా ఉండటం. ఆరు నెలల్లోపు కాల్షియం మళ్ళీ పెరిగితే జబ్బు పోలేదని, ఆరు నెలలు బాగుండి తర్వాత పెరిగితే తిరగబెట్టిందని అంటారు. రెండింట్లోనూ కొలత కాల్షియమే. ఒక్క రిపోర్టు కాదు, వరస చూడాలి. 9.1, తర్వాత 9.7, ఆ తర్వాత 10.4 ఇలా మెట్లెక్కుతుంటే, ముఖ్యంగా విటమిన్ డి నిండాక, అప్పుడు పీటీహెచ్ 124కి అర్థం మారిపోతుంది. కుటుంబంలో ఇంకెవరికైనా ఈ గడ్డలున్నా, నలభై లోపు వయసులో జబ్బు వచ్చినా, టేబుల్ మీద హార్మోన్ సరిగా పడకపోయినా ముందునుంచీ దగ్గరగా గమనిస్తాం. విటమిన్ డి వాడుతుండగా కాల్షియం పెరిగి పీటీహెచ్ అడుగంటితే అది గడ్డ కాదు, విటమిన్ డి ఎక్కువైందని.

రెండోవైపు ప్రమాదం కాల్షియం బాగా పడిపోవడం. పెదాల చుట్టూ, వేళ్ళ కొసల్లో తిమ్మిర్లు వస్తే కాల్షియం మాత్ర ఇచ్చి డాక్టరుకి ఫోన్ చెయ్యండి. చేతివేళ్ళు కొంకర్లు పోతున్నా, ఊపిరి పట్టేసినట్టున్నా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి, అక్కడ నరంలోకి కాల్షియం ఎక్కిస్తారు. ఇది ఎక్కువగా ఆపరేషన్ అయిన మొదటి వారంలో వచ్చేది. నాలుగో నెలలో, 9.1తో ఉన్నవాళ్ళకి ఆ భయం తక్కువే. సాచెట్‌తో పాటు కాల్షియం కూడా మానేస్తేనే సమస్య.

కాబట్టి మీ సర్జన్‌కో మీకు దగ్గర్లో ఉన్న ఎండోక్రైనాలజిస్టుకో ఈ మందుల వేళలు చూపించి సాచెట్లు మళ్ళీ మొదలుపెట్టించండి. రెండో మాట వినాలనిపిస్తే విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది, డిశ్చార్జి సమ్మరీ, బయాప్సీ రిపోర్టు, పాత టెస్టులన్నీ తీసుకెళ్ళండి. ఇంకో రెండు నెలలకి, అంటే ఆరో నెల నిండాక, పైన చెప్పిన టెస్టులన్నీ ఒకేసారి చేయించండి. కాల్షియం ఇప్పటిలాగే ఉండి పీటీహెచ్ ఎంత దిగినా సంతోషమే. 80 దగ్గర ఆగిపోయినా దాని వెంట పడకండి. కొందరికి పూర్తిగా మామూలవడానికి ఏడాది, ఇంకా పైన కూడా పడుతుంది. ఆ తర్వాత ఏడాదికోసారి కాల్షియం చూపించుకోవడం మాత్రం మానొద్దు. పీటీహెచ్ ఎక్కువగా మిగిలినవాళ్ళలో జబ్బు తిరగబెట్టే అవకాశం మిగతావాళ్ళ కంటే కాస్త ఎక్కువ. టెస్టు రోజు పొద్దున కాల్షియం మాత్ర వేసుకోకుండా వెళ్ళమనండి, రక్తం ఇచ్చాక భోజనంతో వేసుకోవచ్చు.